ఊరక వచ్చిన ఐదువందలు

ఒక్క రూపాయియు చెల్లింపనక్కరలేదనియు, పేరును ఫోను నంబరును నమోదు చేసికొన్నంతమాత్రముననే ఐదువందల రూపాయలు ఖాతాలో జమయగుననియు, ఆ సొమ్ముతో ఆడి గెలిచినదంతయు ఆడినవానిదే యనియు చెప్పు ప్రకటన ఏదో యొక రూపమున చొరబడని సెల్‌ఫోను ఈనాడు పల్లెలలో సైతము అరుదు. ఆన్‌లైన్ క్యాసినోలవారు దీనిని 'నో డిపాజిట్ బోనస్' అని పిలుచుచున్నారు. గుడివాడలోని కళాశాల విద్యార్థి మొదలుకొని నందివాడ చెరువుగట్టు మీది పాకలో రాత్రి కాపలా యుండు కుర్రవానివరకు, దీనిని చూచినవారి మనస్సున కలుగు ప్రశ్న యొక్కటియే: మనది పోవునదేమియు లేనప్పుడు పుచ్చుకొన్న తప్పేమి? ప్రశ్న సహేతుకమైనదే. దానికి నీతిబోధతో సమాధానము చెప్పుట సులభమే గాని, నీతిబోధ విని జూదము మానినవారు లోకమున మిక్కిలి తక్కువ గావున, ఇచ్చట లెక్కతోనే సమాధానము వెదకుట మేలు.

ఈ సీమకు పందెము క్రొత్త కాదు. సంక్రాంతి మూడునాళ్లును కృష్ణా గోదావరీ తీరములందు కోడిపందెముల బరులు వెలయుటయు, ఆ బరుల ప్రక్కనే షామియానాల క్రింద గుండాట బల్లలు పరచుటయు, లోపల–బయట ఆడు పేకముక్కలు చేతులు మారుటయు, పండుగకు ముందు వారము దినములు పోలీసువారు హెచ్చరికలు చేయుటయు, పండుగ వచ్చుసరికి ఆ హెచ్చరికలు ఎచ్చటనో మరుగుపడుటయు ఏటేట జరుగుచున్నదే. 2022 సంక్రాంతికి గుడివాడలోని కె కన్వెన్షన్ ప్రాంగణమున గోవా తరహా క్యాసినో నడపబడినదని తెలుగుదేశము పార్టీవారు ఆరోపించుటయు, నిజనిర్ధారణకని వచ్చిన వారి బృందమును పట్టణమున అడ్డగింపగా ఘర్షణ పుట్టుటయు, నాటి మంత్రి కొడాలి నాని ఆ యారోపణను తీవ్రముగ ఖండించుటయు పత్రికలు చదువువారు మరచియుండరు. ఆ వివాదమున ఎవరి పలుకు నిజమో తేల్చుట మన పని కాదు. మనకు కావలసినది వేరొక సంగతి. బరికిగాని, బల్లకడకుగాని, క్లబ్బునకుగాని పోయి ఆడువానిని నలుగురు చూతురు. వాని బావమరిది చూచును, వానికి అప్పిచ్చినవాడు చూచును, చీకటిపడినచో ఆట ముగియును, పండుగ పోయినచో బరియే ఉండదు. చొక్కాజేబులో నున్న క్యాసినోకు పండుగయు లేదు, సాక్షియు లేడు, తెల్లవారుటయు లేదు.

జూదము నడపువాని రాబడి ఆడువాని అదృష్టముపై ఆధారపడియుండదన్న సూక్ష్మమును మన ప్రాచీనులు చక్కగ నెరిగియుండిరి. కౌటిల్యుడు అర్థశాస్త్రమున జూదమంతయు ఒక్కచోటనే, ద్యూతాధ్యక్షుని కనుసన్నలలో నడువవలెననియు, గెలిచినవాని సొమ్మునుండి నూటికి ఐదువంతున అధ్యక్షుడు తీసికొనవలెననియు విధించెను. నేటి క్యాసినో ఆ ఐదును బాహాటముగ అడుగదు. ఆట యొక్క కట్టుబాటులోనే నేర్పుతో ఇమిడ్చియుంచును. ఐరోపా పద్ధతి రూలెట్ చక్రమున 37 గడులుండగా, ఒక అంకెపై కాచి గెలిచినవానికి 35 రెట్లే లాభమిత్తురు. ఈ తేడావలన, కాచిన సొమ్ములో నూటికి 2.70 సగటున నిర్వాహకునికి మిగులును. అమెరికా పద్ధతిలో మరియొక సున్న చేరి గడులు 38 కాగా ఆ మిగులు 5.26 కు పెరుగును. ఆరు బొమ్మల బల్లపై మూడు పాచికలు వేసి, కాచిన బొమ్మ ఎన్ని పాచికలపై పడిన అన్ని రెట్లు ఇచ్చు ఆటను లెక్కించినచో, పాచికలు పడు 216 విధములకు 17 పందెముల పాలు, అనగా నూటికి దాదాపు 7.87, బల్లవానిదని తేలును. ఆన్‌లైన్ క్యాసినోలలో బోనస్‌తో ఎక్కువగ ఆడించు, బొమ్మలను త్రిప్పు స్లాట్ ఆటలకు, ఆడువారికి తిరిగి చేరునది నూటికి 96 అని వ్రాసికొనుట పరిపాటి. మిగిలిన నాలుగును సంస్థవి. నాలుగే కదా యని తోచును గాని, ఆ నాలుగు తిప్పిన ప్రతిసారియు పోవుననుట మరువరాదు. బోనస్ కిటుకంతయు అచ్చటనే యున్నది.

ఏలనన, ఊరక వచ్చిన ఐదువందలను ఉన్నదున్నట్లు బ్యాంకు ఖాతాలోనికి మార్చుకొనుటకు వీలుండదు. ముందుగా దానికి ఇన్ని రెట్లు పందెము కాయవలెనను నియమ మొకటి సన్నని యక్షరములలో నుండును. వారు దీనిని వేజరింగ్ అందురు. ముప్పది రెట్లు, నలుబది రెట్లు, కొన్నిచోట్ల అరువది రెట్లు. నలుబదినే తీసికొందము. ఐదువందలకు నలుబది రెట్లనగా ఇరువదివేల రూపాయల పందెములు, నూటికి నాలుగు చొప్పున వానిపై సగటు నష్టము ఎనిమిదివందలు, చేతనున్నదా, ఐదువందలు. తిప్పునకు పదిరూపాయల వంతున ఆడినచో ఇరువదివేలకు రెండువేల తిప్పులు కావలెను. ఐదు సెకనుల కొకటి చొప్పున విరామము లేక తిప్పినను రమారమి మూడుగంటల పని. కూలి లేని ఆ మూడుగంటలలో ఆడువాని వ్రేలికి అలవడు విద్య యేదియో చెప్పనక్కరలేదు.

ఇచ్చట గణితము తెలిసిన పాఠకు డొకడు ఆక్షేపింపవచ్చును. సగటు అనునది అందరికిని ఒక్కతీరున వర్తింపదు. పోవునది బోనస్ సొమ్మేగాని నా సొమ్ము కాదు గావున నాకు నష్టము సున్నకు దిగువకు పోనేరదు. నూరుగురిలో ఏ కొద్దిమందియో వరుసగ గెలిచి ఆ ఇరువదివేల గండమును దాటుదురు. కాబట్టి ఈ బోనస్ విలువ ఎంత చిన్నదైనను సున్నకంటె అధికమే కదా యని. ఆక్షేపము న్యాయమైనదే. సంస్థవారికిని ఈ గణితము తెలియును గనుకనే రెండవ నియమము పెట్టిరి: బోనస్‌పై ఎంత గెలిచినను బయటికి తీసికొనదగినది ఇంతకు మించరాదు. తెరపై లక్ష కనబడినను చేతికి రావలసినది రెండువేలో, ఐదువేలో. ఈ రీతిగ అదృష్టవంతుని అదృష్టమునకు మూత పెట్టి, సామాన్యుని దురదృష్టమును మాత్రము దాని దారిని దానిని పోనిచ్చిరి. ఇంక తక్కిన నియమములు: వారము దినములలో ముగింపకున్న సొమ్ము రద్దు, ఒక్క తిప్పునకు ఇంతకుమించి కాచినచో గెలుపంతయు జప్తు, నిర్వాహకుని పాలు తక్కువగ నుండు బ్లాక్‌జాక్ వంటి ఆటలలో కాచినది పదవవంతుగ మాత్రమే లెక్కకు వచ్చుట, అనగా ఇరువదివేలు రెండులక్షలగుట, ఒక ఇంట ఒక్క ఖాతాయే యుండవలెననుట, అన్నదమ్ములిద్దరును పుచ్చుకొన్నచో ఇద్దరిదియు చెల్లకుండుట. వీనినన్నిటిని దాటి వచ్చిన కడపటి గుమ్మముకడ, సొమ్ము తీసికొనుటకు ముందు ఖాతానిర్ధారణ నిమిత్తము స్వల్పముగ డిపాజిట్ చేయుడని అడుగు సంస్థలు కలవు. డిపాజిట్ లేని బోనస్ కథ డిపాజిట్‌తో ముగియుట చమత్కారముగ నున్నను, సంస్థ దృష్టిలో కథ అచ్చటనే మొదలు.

నందివాడ మండలము చేపల చెరువులకు పెట్టినపేరు. కొల్లేటి దాపున నున్న ఈ పల్లెలవారికి ఈ సంగతి బోధపరచుటకు వేరొక ఉపమానము వెదకనక్కరలేదు. శీలావతి, బొచ్చె పిల్లలను చెరువున వదలిన రైతు తవుడును చెక్కను చిల్లుల సంచులలో నింపి, కర్రలకు కట్టి నీట వ్రేలాడదీయును. చేపలు వచ్చి ఆ చిల్లులకడ మూతిపెట్టి తినిపోవును. మేత చేపకు ఉచితమే. రైతు పుస్తకమున మాత్రము అది బస్తాల వంతున ఖర్చుపద్దున ఎక్కుచుండును. ఎంత మేతకు ఎంత బరువు వచ్చునో, పట్టుబడినాడు టన్నుకు ఎంత మిగులునో అతనికి ముందే ఒక అంచనా యుండును. క్యాసినో సంస్థకు బోనస్ అట్టి పద్దే. ఒక క్రొత్త ఆటగానిని రప్పించుటకు ఎంత వ్యయమగునో, వచ్చినవారిలో తమ సొమ్ము తెచ్చువారెందరో, తెచ్చినవారు ఎన్ని నెలలు నిలిచి ఎంత పోగొట్టుకొందురో లెక్కవేసికొనియే వారు ఆ ఐదువందలను నిర్ణయింతురు. పుచ్చుకొన్నవారిలో అత్యధికులు ఏమియు తేక పోయినను, మిగిలిన కొద్దిమందినుండి వచ్చునది అందరి మేతఖర్చును పూడ్చి లాభము చూపవలెను. చూపనిచో ఆ ప్రకటన మరునెలలో కనబడదు. కనబడుచునే యున్నదన్న దానినుండి పాఠకుడు గ్రహింపవలసినది గ్రహించును.

ఆ కొద్దిమందిలో తానుండనని ప్రతివాడును తలచుట సహజము. మనస్తత్త్వశాస్త్రవేత్త స్కిన్నర్ గత శతాబ్దమున పావురములతోను ఎలుకలతోను ప్రయోగములు చేసి, నొక్కిన ప్రతిసారి గింజ వచ్చు మీటకంటె, ఎప్పుడు వచ్చునో తెలియని మీటనే జంతువులు విడువక నొక్కుచుండునని చూపెను. స్లాట్ ఆట ఆ మీటకు రంగులద్దినది. రెండు బొమ్మలు కలిసి మూడవది వెంట్రుకవాసిలో తప్పిపోయినట్లు చూపుట అందలి కౌశలము. అయినను ఈ విషయమున నాకు స్కిన్నర్‌కంటె సభాపర్వమే ఎక్కువ చెప్పినట్లు తోచును. ధర్మరాజు సర్వస్వము నొడ్డి ఓడిన కథ అందరికిని తెలిసినదే గాని, దాని తరువాతి ఘట్టమును మనవారు అంతగ తలపోయరు. ద్రౌపదికి వరములిచ్చిన ధృతరాష్ట్రుడు పోయిన రాజ్యమును, ధనమును, స్వాతంత్ర్యమును పాండవులకు తిరిగి యిచ్చివేసెను. ఒక్క కాసైన చెల్లింపక సమస్తమును చేతికి వచ్చినది. ఇంద్రప్రస్థమునకు మరలిపోవుచున్న ఆ ధర్మరాజును కౌరవులు ఆటకు మరల పిలిచిరి. పిలిచినంతనే వచ్చి, పండ్రెండేండ్ల అరణ్యవాసమును ఒక యేటి అజ్ఞాతవాసమును పణముగ నొడ్డి మరల ఓడెను. పోయినది ఊరక తిరిగివచ్చుట అతనిని ఆటనుండి విడిపింపలేదు. రెండవ ఆటకు ఆయత్తపరచినది. శకునికి ఆ మాత్రము తెలియకపోలేదు.

ఈ బోనస్ అన్నిచోట్లను ఒక్కతీరుగ నిష్ఫలమని చెప్పినచో అసత్యమగును. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున 2013 నవంబరు నుండి ఆన్‌లైన్ క్యాసినో ధర్మసమ్మతము. ఎడిసన్ మొదలగు ఊళ్లలో మనవారు వేలకొలది స్థిరపడిన రాష్ట్రమది. అచ్చట ఇరువదియొక్క యేండ్లు నిండినవారికి, అనుమతి పొందిన కొన్ని సంస్థలు ఇరువదియైదు డాలర్ల బోనస్ నిచ్చి, దానిని ఒక్కమారు పందెము కాచిన చాలునను నియమము పెట్టుట కలదు. ఇరువదియైదు డాలర్లపై నూటికి నాలుగనగా ఒక డాలరు. సగటున ఇరువదినాలుగు మిగులును. లెక్కమట్టునకు అది పుచ్చుకొనదగినదే. బ్రిటనులో జూద నియంత్రణసంఘమువారు 2025 లో, బోనస్‌పై పందెపునియమము పదిరెట్లకు మించరాదను నిబంధనను ప్రకటించిరి. పదిరెట్లనగా మన ఐదువందలకు ఐదువేల పందెము, రెండువందల సగటు నష్టము, మూడువందల మిగులు. అంతకుమించిన రెట్లు ఆటగానికి హానికరమని ఒక ప్రభుత్వసంఘమే తలచి కట్టడి చేయవలసివచ్చినదనిన, ఏ కట్టడియు లేనిచోట వ్రాసిన నలుబదికిని అరువదికిని అర్థమేమో ఊహింపవచ్చును. ఇబ్బంది ఎచ్చట వచ్చుచున్నదనగా, ఎడిసన్‌లోని పినతండ్రి కొడుకు ఇరువదియైదు డాలర్లు ఊరక వచ్చినవని ఫోనులో చెప్పగా, జనార్దనపురములోని తమ్ముడు అదే రంగులు, అదే చక్రము, అదే మాటలు గల వేరొక లంకెను నొక్కును. అన్నకు వెనుక రాష్ట్రప్రభుత్వపు లైసెన్సును, ఫిర్యాదు వినుటకు ఒక కార్యాలయమును ఉన్నవి. తమ్మునికి వెనుక నున్నది కరీబియన్ సముద్రమున కురసావో వంటి యే దీవి పేరుతోనో వ్రాసిన యొక లైసెన్సు సంఖ్య. కొన్ని సంస్థలకు అదియు లేదు.

మన దేశపు చట్టము సంగతి క్లుప్తముగ చెప్పిన చాలును. 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టము జూదగృహములను నిషేధించినను నైపుణ్యపు ఆటలకు మినహాయింపు నిచ్చినది. సికిందరాబాదులోని ఒక క్లబ్బు విషయమున సుప్రీముకోర్టు అంతకు ముందే, 1967 లో, రమ్మీ ప్రధానముగ నైపుణ్యపు ఆటయేయని తీర్పు చెప్పియుండెను. తెలంగాణ 2017 లోను, ఆంధ్రప్రదేశ్ 2020 సెప్టెంబరులోను తమ చట్టములను సవరించి ఆన్‌లైన్ జూదమును నిషేధించినవి. మన రాష్ట్రపు సవరణలో నిర్వాహకునికి విధించు శిక్ష గాక, ఆడువానికిని ఆరునెలల వరకు జైలుశిక్ష కలదు. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించి, 22వ తేదీన రాష్ట్రపతి సమ్మతి పొందిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టము నైపుణ్యము, అదృష్టము అను భేదము పాటింపక ధనము పెట్టి ఆడు ఆన్‌లైన్ ఆటలన్నిటిని నిషేధించి, నడపువారికి మూడేండ్ల వరకు జైలును కోటిరూపాయల వరకు జరిమానాను, ప్రచారము చేయువారికి రెండేండ్ల వరకు జైలును యాబదిలక్షల వరకు జరిమానాను విధించినది. ఆ వెంటనే దేశములోని పెద్ద సంస్థలు తమ ధనపు ఆటలను నిలిపివేసినవి. అంతకు కొలదినెలల ముందు, 2025 మార్చిలో, బెట్టింగ్ యాప్‌లకు ప్రచారము చేసిరని సినీనటులును సామాజికమాధ్యమ ప్రముఖులును కలిపి 25 మందిపై హైదరాబాదు మియాపూరు పోలీసులు కేసు నమోదు చేసియుండిరి. కావున నేడు తెలుగు మాటలతో, రూపాయి గుర్తుతో, పరిచితమైన ముఖముతో మన ఫోనునకు వచ్చు బోనస్ ప్రకటన చట్టమునకు వెలియైన చోటినుండియే వచ్చుచున్నదని తలచిన పొరపాటుండదు. మరియు 1872 నాటి కాంట్రాక్టు చట్టపు 30వ విభాగము ప్రకారము పందెపు ఒప్పందములు చెల్లనివి. గెలిచిన సొమ్ము ఇప్పింపుమని కోర్టుకు పోవుటకు దారి లేదు. తెరపై నున్న గెలుపును ఇచ్చుటయు ఇవ్వకుండుటయు కేవలము వారి యిచ్ఛ.

ఆటగాడు తన సొమ్ము పెట్టకపోయినను ఇచ్చుచున్నది వేరొకటి కలదు. పేరు, ఫోను నంబరు, ఓటీపీ మొదటిమెట్టు. ఆధార్, పాన్ కార్డుల ఛాయాచిత్రములు, ముఖమును అటునిటు త్రిప్పి తీసిన సెల్ఫీ రెండవమెట్టు. బ్యాంకు ఖాతా, యూపీఐ వివరములు మూడవమెట్టు. బ్యాంకు మేనేజరు అడిగిననే సందేహించు వారు, గెలిచిన రెండువేలకై, ఎవరో తెలియని సంస్థకు ఇవన్నియు ఒక్కరాత్రిలో సమర్పింతురు. వీనితో ఇతరుల పేర అప్పులు తీసికొనుటయు, ఖాతాలు తెరచుటయు సాధ్యమే. అంతకన్న అపాయకరమైనది వేరొకటి. చట్టవిరుద్ధముగ నడచు ఈ సంస్థలకు సొమ్ము వసూలు చేసికొనుటకు స్థానికుల ఖాతాలు కావలెను. అందుచేత వారి మధ్యవర్తులు పల్లెలలోను పట్టణములలోను పిల్లలకు నెలకింతయని ఆశచూపి పాసుపుస్తకమును, ఏటీఎం కార్డును, సిమ్మును అద్దెకు తీసికొనుచున్నారు. ఈ ఖాతాలను పోలీసువారు మ్యూల్ ఖాతాలని వ్యవహరింతురు. బోనస్ కొరకు ఒకసారి వివరములిచ్చినవాడు ఇట్టి మధ్యవర్తులకు సులభముగ దొరకును.

ఇదివరకే పుచ్చుకొన్నవారు చేయదగినది కొంత కలదు. తీసికొనుటకు ముందు కట్టుమన్న నిర్ధారణ డిపాజిట్‌ను, పన్ను పేరనో ప్రాసెసింగ్ రుసుము పేరనో అడిగిన మొత్తమును కట్టరాదు. గెలిచిన సొమ్మునుండి పన్ను మినహాయించి ఇచ్చుటయే పద్ధతిగాని, పన్ను ముందు కట్టించుకొని ఆ సొమ్మును తరువాత ఇచ్చు పద్ధతి చట్టమున లేదు. యూపీఐ యాప్‌లో ఆటోపే అను భాగమును తెరచి, ఎరుగని పేరు ఏదైన నున్నచో రద్దు చేయవలెను. క్యాసినో యాప్‌నకు ఎస్ఎంఎస్‌లు, కాంటాక్టులు చూచు అనుమతి యిచ్చియున్నచో ముందు అనుమతిని తీసివేసి, పిదప యాప్‌ను తొలగింపవలెను. సొమ్ము పోయినచో ఆలస్యము చేయక సైబరు నేరముల ఫిర్యాదు నంబరగు 1930 కు ఫోను చేయవలెను. గంటలు గడచినకొలదియు సొమ్ము ఖాతానుండి ఖాతాకు పారిపోవును గనుక, తెల్లవారువరకు ఆగరాదు. ఖాతాను అద్దెకిచ్చినవాడు మాత్రము ఫోనుతో ఆగక, బ్యాంకునకు వ్రాతమూలముగ తెలిపి ఖాతాను నిలుపుదల చేయించి, ఆ కాగితపు నకలుతో తానే పోలీసుస్టేషనుకు పోవుట మంచిది. ఎందుకనగా ఆ ఖాతాలో పడిన ప్రతి రూపాయికిని కాగితముపై యజమాని అతడే.